మైలవరం ఒడ్డున చిన్న ట్రైలర్, ఫ్లై గాలం: శని ఆదివారాల పని

మా కడప జిల్లా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు గాలం వేసేవాళ్లకు కొదవ లేదు. ఎర్రనో పిండి ముద్దనో గుచ్చి, బెండు తేలేసి, గట్టున కూర్చునే పద్ధతి అది. ఫ్లై గాలంలో ఎర ఉండదు. కొక్కేనికి ఈక, దారం చుట్టి పురుగులాగో చేపపిల్లలాగో తయారు చేస్తాం. అదే ఫ్లై. దానికి విసిరేంత బరువు ఉండదు కాబట్టి బరువంతా గాలం దారానికే పెట్టి, లైను అనే ఆ దారాన్నే విసురుతాం. చల్లటి కొండవాగులు, ట్రౌట్ చేపలు ఉంటే తప్ప ఇది కుదరదనుకుంటారు గానీ, పెన్న మీది నీళ్లలో జిలేబి (తిలాపియా), కొర్రమీను, బంగారుతీగ మూడూ ఫ్లైకి వస్తాయి. ఇక్కడ పని చెడగొట్టేవి రెండు: గాలి, నల్లరేగడి. కారు వెనక లాక్కెళ్లి రాత్రి పడుకునే ట్రైలర్ ఎక్కడ ఆపాలి, దాని తలుపు ఎటు పెట్టాలి, ఏ ఒడ్డున నిలబడాలి అన్నీ ఈ రెండింటిని బట్టే తేల్చుకుంటాం.

మేము పెన్న మీదున్న మైలవరం రిజర్వాయరుకు వెళ్లేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా. జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి గాలి ఈడ్చి కొడుతుంది. అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టిందే ఆ గాలి కోసం. అందులో ఫ్లై విసిరితే వచ్చి మొహాన పడుతుంది. పైగా వానకాలం కొర్రమీను పిల్లలు పెట్టే కాలం. నీటిపైన ఎర్రగా గుంపుగా తిరిగే పిల్లల కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. అప్పుడు వాటి ముందు ఏది పడినా కరుస్తాయి. పెద్దదాన్ని పట్టేస్తే పిల్లలను మిగతా చేపలు గంటలో ఖాళీ చేస్తాయి. అది పట్టడం కాదు, పాడు చేయడం. అక్టోబరు, నవంబరులో తుపాను వానలకు రేగడి తడిసి ఉంటుంది. ఇక మిగిలింది చలికాలమే. అప్పటికి శ్రీశైలం నుంచి అవుకు మీదుగా ఎగువనున్న గండికోట రిజర్వాయరుకు నీళ్లు చేరి ఉంటాయి, మైలవరంలోనూ నీరుంటుంది. తెల్లవారి గాలి దాదాపు ఉండదు. తొమ్మిది దాటాక తూర్పు నుంచో ఈశాన్యం నుంచో లేస్తుంది, పొద్దు వాలాక పడిపోతుంది.

వెళ్లే ముందు అడగాల్సినవాళ్లను అడగాలి. రిజర్వాయర్లలో చేపలు పట్టే హక్కు మత్స్యశాఖ లైసెన్సు ఉన్న మత్స్యకారులది. చెరువైతే పాడుకున్న సంఘానిది. ఒడ్డున పుట్టి దగ్గర ఉన్న పెద్దమనిషిని "ఏమన్నా, రేపు ఈ పక్క వల కడతారా? మేం ఒక గాలంతో నిలబడతాం, కొర్రమీను పడితే వదిలేస్తాం" అని ముందురోజే మాట్లాడుకుంటే, వల ఎక్కడుందో, నీళ్లు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో ఆయనే చెబుతాడు. సాయంత్రం కట్టిన వలకు ప్లాస్టిక్ సీసాలు తేలుతుంటాయి. అటువైపు విసరకూడదు. కొక్కెం వలకు తగులుకుంటే వల కోయకుండా మన దారమే కోసుకోవాలి. మకాం వేసేది పట్టా పొలమైతే రైతును అడగాలి. ఆనకట్ట మీద, గేట్ల దగ్గర వద్దు. బద్వేలు వైపు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగే పెట్టకూడదు.

ఇక ట్రైలర్. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు పెట్టె. లోపల ఇద్దరు పడుకోవచ్చు. వెనక తలుపు ఎత్తితే పొయ్యి పెట్టుకునే గట్టు. ఖాళీగా 340 కిలోలు, సామాను వేస్తే 450 దగ్గరికి వస్తుంది. ఒకే ఇరుసు, కమాన్ కట్టలు, 12 అంగుళాల కారు టైర్లు. ఈ టైరు సైజు ప్రొద్దుటూరులో ఏ షాపులోనైనా దొరుకుతుంది, అందుకే అది. కారుకున్నట్టే ట్రైలర్‌కూ విడిగా రిజిస్ట్రేషన్, నంబరు, ఇన్సూరెన్స్ ఉండాలి. వెల్డింగ్ షాపులో పెట్టె చేయించి అలాగే రోడ్డెక్కించడం తప్పు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ పైసా రాదు.

ట్రైలర్ రోడ్డు మీద ఊగుతుందా లేదా అన్నది సామాను సర్దేటప్పుడే తేలిపోతుంది. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ముందు కొక్కెం మీద, అంటే కారు వెనకనున్న బాల్ మీద పడాలి. 450 కిలోలకు అది 45 నుంచి 65 కిలోలు. కారు బాల్ ఎంత బరువుకు సరిపోతుందో కారు పుస్తకంలో చూసుకోవాలి. కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. దాని మీద బాల్ ఎత్తుకు సరిపడా కర్ర మొద్దు నిలబెట్టి, ట్రైలర్ ముందుకొసను దాని మీద దించి అంకె చదవాలి. మాది 50 కిలోల దగ్గర ఉంచుతాం. ఇరుసు నుంచి బాల్‌కు 2.4 మీటర్లు. 20 లీటర్ల నీళ్ల క్యాను ఇరుసుకు మీటరు వెనక పెడితే ముందున్న బరువు సుమారు 8 కిలోలు తగ్గుతుంది. అదే క్యాను ఇరుసుకు అర మీటరు ముందు పెడితే 4 కిలోలు పెరుగుతుంది. అంటే ఒక్క క్యాను చోటు మార్చితే 12 కిలోల తేడా, రెండు క్యాన్లకు 25. వంటగట్టు వెనక ఉంది కదా అని నీళ్లు, గ్యాస్ బుడ్డి, గిన్నెలు అన్నీ వెనకే పడేస్తే 50 కాస్తా 25 అవుతుంది. అప్పుడు గంటకు 60 కిలోమీటర్లు దాటగానే తోక కొట్టుకోవడం మొదలవుతుంది. ఊగితే బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుంటే వేగం తగ్గేకొద్దీ సర్దుకుంటుంది. మేము మాత్రం నీళ్ల క్యాన్లు, బ్యాటరీ ఇరుసు ముందే కట్టేస్తాం, వెనక పరుపులు, గాలాలు లాంటి తేలికవే ఉంచుతాం.

తగిలించాక భద్రత గొలుసులు రెండూ కొక్కెం కిందుగా కత్తెర వేసి కట్టాలి. బాల్ నుంచి ఊడినా ముందుకొస రోడ్డుకు గుచ్చుకోకుండా గొలుసుల మీద పడుతుంది. లైట్లు చూడాలి. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా మినుకుమంటోందంటే బల్బులది కాదు తప్పు, ఎర్త్ తీగది. ఎర్త్ బాల్ ద్వారానే వస్తుందిలే అని వదిలేసిన చోట గ్రీజు, తుప్పు అడ్డం పడతాయి. ప్లగ్గు నుంచి చట్రానికి విడిగా ఒక తీగ వేస్తే ఆ గోల ఉండదు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు చేరగానే ఒకసారి ఆపి హబ్బుల మీద చెయ్యి పెట్టి చూస్తాం. వెచ్చగా ఉంటే మంచిది. చెయ్యి ఉంచలేనంత వేడిగా ఉంటే బేరింగు బిగువుగా అయినా ఉండాలి, గ్రీజు అయినా అయిపోయి ఉండాలి. వీల్ నట్లు కూడా అక్కడే మళ్లీ బిగించాలి, కొత్తగా విప్పి వేసిన చక్రానికి ఇది తప్పనిసరి. ఫిబ్రవరిలో శనగ నూర్పిళ్లు. రోడ్డు సగం మీద శనగ ఆరబోసి అంచున రాళ్లు పెడతారు. ట్రైలర్ కారు కన్నా లోపలికి మలుపు కోస్తుంది కాబట్టి ఆ రాళ్లకు చక్రం తగలకుండా కాస్త వెడల్పుగా తిప్పాలి.

ఒడ్డుకు చేరాక మొదట బండి ఆపి నడవాలి. నీళ్లు దిగిన చోట రేగడి పైన పెచ్చుకట్టి, నెర్రెలు విచ్చి, ఎండినట్టే ఉంటుంది. జానెడు కింద బురద. అడుగు పొడవు ఇనుప రాడ్డు చేత్తో నొక్కితే సగం దిగిపోయిందంటే అక్కడికి చక్రం పోకూడదు. గరుసు నేల అయితే రెండు అంగుళాలు దిగి గట్టిగా ఆగుతుంది. మడమతో గట్టిగా తొక్కి, ఆ గుంతలో చెమ్మ ఊరుతోందేమో కూడా చూడాలి. నీటి అంచుకు 100 మీటర్ల దూరం, మనిషి ఎత్తున్నంత మిట్ట ఉంటేనే అది మకాం చోటు. పైన గండికోట నుంచి నీళ్లు వదిలితే మైలవరం మట్టం రాత్రికి రాత్రి ఎక్కవచ్చు. ఆనకట్ట దిగువన పెన్న ఇసుకలో దిగడం మాత్రం ఎన్ని చెప్పినా వద్దు. గేట్లు ఎత్తితే ట్రైలర్ తగిలించుకునే వ్యవధి కూడా దొరకదు.

దిగబడితే ఇంజను రేస్ చేసేకొద్దీ చక్రం లోతుకు పోతుంది. ట్రైలర్ విప్పేసి కారును ఒంటరిగా గట్టి నేల మీదికి తేవాలి. ట్రైలర్ టైర్లలో గాలి 30 నుంచి 18కి దించి, చక్రాల ముందు గోనె సంచులు పరిచి, 10 మీటర్ల తాడుతో నెమ్మదిగా లాగాలి. ముందుకొస బురదలో దున్నకుండా ఒకరు ఎత్తి పట్టుకోవాలి. పక్కనే దొరుకుతుంది కదా అని కంప నరికి చక్రాల కింద వేయకూడదు. సర్కారు తుమ్మ ముల్లు టైరులో విరిగి, బురదలోంచి బయటపడ్డాక రోడ్డు మీద పంక్చరు చేస్తుంది.

చోటు కుదిరాక చేసే పని ఒక వరుసలోనే జరగాలి. కారుకు తగిలించి ఉండగానే అడ్డం సమం చేయాలి, ఎందుకంటే విప్పాక చక్రం ఎక్కించలేం. పల్లంగా ఉన్న చక్రం కిందికి నాపరాయి. జమ్మలమడుగు, మైలవరం చుట్టూ పాలిష్ మిషన్ల దగ్గర ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. అడుగు చదరం, ఒకటిన్నర అంగుళం మందం ఉన్నవి నాలుగు అడిగి తెచ్చుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి ఒకే బిందువు మీద బరువు పడితే చీలుతుంది. రాయి మీద చెక్క పలక వేసి, దాని మీదికి చక్రం ఎక్కించాలి. రసమట్టం పెట్టి చూసి, రెండు చక్రాలకూ ముందూ వెనకా అడ్డు రాళ్లు వేసి, ఆ తర్వాతే కొక్కెం విప్పాలి. ముందున్న చిన్న చక్రం తిప్పి ముందువెనకల మట్టం సరిచేయాలి. నాలుగు మూలల జాకీలు ఆఖరున. అవి నేలను తాకి బిగుసుకుంటే చాలు. వాటితో బండిని ఎత్తబోతే చట్రం మెలిపడి తలుపు పట్టేస్తుంది.

బండి ముక్కు తూర్పుకు పెడతాం. గాలి సన్నటి వైపు తగిలి రెండు పక్కలకూ చీలిపోతుంది, వెనకున్న పొయ్యికి ట్రైలరే అడ్డం అవుతుంది. నీడ గుడ్డకు గుడారంతో వచ్చే సన్న మేకులు గరుసులో వంగిపోతాయి. 12 మిల్లీమీటర్ల రాడ్డు అడుగున్నర ముక్కలు కోయించి, పైకొస వంచితే గట్టిగా నిలుస్తాయి. నెర్రెలున్న నేలలో ఏ మేకూ నిలవదు, సంచుల్లో రాళ్లు నింపి కట్టుకోవాలి. ఎండు కసువు, పక్కన కోతకొచ్చిన శనగ చేను ఉన్న చోట మంట వేయకూడదు. గ్యాస్ పొయ్యి మీదే సంగటి కెలుక్కోవచ్చు.

గాలం సంగతికొస్తే, ఒకే కడ్డీ కొనేవాళ్లకు 9 అడుగుల 6 నంబరు కడ్డీ (నంబరు లైను బరువును చెప్పే అంకె), దానికి అదే నంబరు తేలే లైను. లైను కొనేటప్పుడు వేడి ప్రాంతాలకు చేసినదే తీసుకోవాలి. చల్లటి దేశాల లైను మన ఎండకు మెత్తబడి కడ్డీ కళ్లకు, అంటే లైను దూరే రింగులకు అతుక్కుంటుంది, విసిరితే సగం దూరమే పోతుంది. రీలు మీద మొదట 20 పౌండ్ల బరువుకు తెగకుండా ఆగే అడుగుదారం ఓ 50 గజాలు, దాని మీద లైను, కొసన 9 అడుగుల లీడరు, అంటే లైనుకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం. జిలేబికి కొస దారం 6 పౌండ్లది, కొర్రమీనుకైతే లీడరు 6 అడుగులకు తగ్గించి 20 పౌండ్లది.

కుడిచేతివాళ్లకు గాలి ఎడమ భుజం మీది నుంచి రావాలి. కుడి నుంచి వస్తే లైను తల మీదికి కొట్టుకొచ్చి కొక్కెం చెవికి గుచ్చుకుంటుంది. తూర్పు గాలిలో ఉత్తరపు ఒడ్డున దక్షిణం ముఖంగా నిలబడితే సరిపోతుంది. గాలి నీటిపైన తేలేవాటినన్నింటినీ పడమటి కొసకు నెడుతుంది, చిన్న చేపలు అక్కడ చేరతాయి, వాటి వెనక పెద్దవి. కాబట్టి ఉత్తరపు ఒడ్డునే పడమటి చివరికి వెళ్లి నిలబడటం మాకు బాగా కుదిరింది. టోపీ, కళ్లద్దాలు లేకుండా ఎవరూ విసరకూడదు. కొక్కేల మొన వెనకుండే ఎదురుముల్లు ముందే పట్టకారుతో నొక్కేయాలి. చేపకూ మంచిది, మనకు గుచ్చుకున్నా ఆసుపత్రికి పోకుండా ఊడొస్తుంది.

విసరడంలో అందరికీ పట్టుబడనిది ఆగడం. కడ్డీ వెనక్కి తెచ్చి భుజం దాటగానే ఠక్కున ఆపాలి. లైను వెనకాల పూర్తిగా విప్పుకునేదాకా ఆగి, అప్పుడే ముందుకు తేవాలి. ఆగకపోతే కొరడా చప్పుడు వస్తుంది, ఫ్లై తెగి ఎటో పోతుంది. కడ్డీని మరీ వెనక్కి వాల్చితే లైను కిందికి దిగి రాళ్లను కొడుతుంది. మన నాపరాళ్ల అంచుకు ఒకసారి తగిలితే చాలు, కొక్కెం మొన పోతుంది. ఆ తర్వాత చేప కరిచినా నిలవదు, ఎందుకో అర్థం కాదు. అనుమానం వచ్చినప్పుడల్లా మొనను బొటనవేలి గోరు మీద ఆనించి చూడాలి. గోరును పట్టుకుంటే మంచిది, జారితే ఆకురాయి పెట్టాలి. వెనక కంప ఉన్నచోట లైను వెనక్కి పంపకుండా, నీటి మీదే ఉంచి కడ్డీని మెల్లగా చెవి పక్కకు తెచ్చి ముందుకు కొడితే చుట్టలా విప్పుకుంటూ పోతుంది. 40 అడుగులు పడితే ఈ నీళ్లలో చాలు.

జనవరిలో పొద్దున్నే లేచి పరుగెత్తాల్సిన పని లేదు. నీళ్లు చల్లగా ఉంటాయి, కొర్రమీను కదలదు. గాలి లేని ఆ గంటలో పక్కెలు, చిన్న జిలేబీలు పట్టుకోవచ్చు. ఎండ బాగా ఎక్కాకే తుంగ అంచున, మునిగిన కంప పక్కన కొర్రమీను పైకొస్తుంది. అది గాలి పీల్చే చేప. నీటిపైన గుళుక్కుమని ఒక చప్పుడు, కాసిని బుడగలు. ఆ చోటికి మూడడుగులు అవతల ఫోముతో చేసిన కప్పను పడేసి, అలలు చదునయ్యేదాకా ఆగి, జానెడు జానెడు లాగాలి. కప్పకు గడ్డి పట్టకుండా కొక్కేనికి ముందు మందపాటి నైలాను తీగ అడ్డం కట్టి ఉండాలి. నీళ్లు పగిలి చేప కరిచిన క్షణంలో కడ్డీ ఎత్తితే కప్ప నోట్లోంచి ఊడొస్తుంది. నోరు మూసి తిరిగేదాకా ఆగి, ఎడమచేత్తో లైను గుంజి, బిగువు తగిలాకే కడ్డీ ఎత్తాలి. ఆ పైన సందు ఇవ్వకూడదు, కంపలోకి దూరితే మళ్లీ రాదు. వదిలేటప్పుడు తడి చేత్తో పట్టుకోవాలి. పొడి చెయ్యి, గుడ్డ తగిలితే ఒంటి మీది జిగురు పోయి పుండ్లు పడతాయి.

జిలేబికి ఓపిక కన్నా కన్ను ముఖ్యం. ఫిబ్రవరిలో నీళ్లు వేడెక్కగానే రెండు మూడడుగుల లోతులో అడుగు వెడల్పు గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. అవి మగచేప తవ్వినవి. గుంటకు అవతల 10 నంబరు కొక్కెం మీద కట్టిన నల్లటి ఫ్లైని వేసి, అది అడుగుకు దిగాక గుంటలోకి లాగి వదిలేయాలి. చేప దాన్ని తినడానికి కాదు, ఊడ్చి పారేయడానికి నోట పట్టుకుంటుంది, వెంటనే ఉమ్మేస్తుంది. లైను కొస అంగుళం కదిలినా కడ్డీ ఎత్తాలి. జిలేబి మన నీళ్లది కాదు, పెరిగితే దేశవాళీ చేపల చోటు ఆక్రమిస్తుంది. వల వాళ్లు సరేనంటే వండుకోవడానికి రెండు ఉంచుకోవచ్చు. బొచ్చె, రాగండి కోసం మాత్రం ఫ్లైతో పొద్దు పుచ్చకండి, వాటి తిండి వేరు. బంగారుతీగ లోతు లేని బురదలో తోక పైకి పెట్టి మేస్తున్నప్పుడే పడుతుంది. జెల్ల పడితే చేత్తో ముట్టకుండా పట్టకారుతోనే కొక్కెం తీయాలి. వీపు మీదా, రెక్కలకూ ఉన్న ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి సాయంత్రందాకా సలుపుతుంది.

చేప పడిన ప్రతిసారీ కొస దారాన్ని గోళ్ల మధ్య లాగి చూడాలి. గరుకు తగిలితే ఆ అడుగు కోసేసి మళ్లీ ముడి వేయాలి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి, లేకపోతే రాపిడి వేడికి దారం అక్కడే బలం పోగొట్టుకుంటుంది.

ఆ నల్ల ఫ్లైని కొనక్కర్లేదు. నాటుకోడి పుంజు మెడ ఈకలు, తొడ దగ్గరి మెత్తటి నూగు ఈకలు కోళ్ల అంగట్లో అడిగితే ఇస్తారు. సబ్బునీళ్లలో కడిగి నీడన ఆరబెట్టి, నల్ల రంగు వేసి, కలరా ఉండలతో డబ్బాలో పెట్టుకోవాలి. పొడవు కాడ ఉన్న కొక్కేనికి సోల్డరింగు తీగ ఆరేడు చుట్లు వేస్తే మునిగే బరువు వస్తుంది. తోకకు నూగు ఈక, కాడ ఎంత పొడవో అంతే. ఎక్కువైతే చేప తోక కొరికి పోతుంది. దాని మీద నల్ల ఉలెను దారం వెనక నుంచి కొక్కెం కన్ను (దారం కట్టే రంధ్రం) దాకా చుట్టి, పైన మెడ ఈకను ఐదారు చుట్లు ఎడంగా వేసి దారంతో బిగించాలి. కన్ను వెనక కొంచెం ఖాళీ వదలకపోతే తల కట్టడానికి చోటుండదు. ముడి మీద రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు.

చీకటి పడ్డాక బూట్లు లోపలే పెట్టుకోవాలి. రాళ్లు చేత్తో తిప్పకూడదు, నాపరాళ్ల కింద తేళ్లు ఉంటాయి. రక్తపింజర ఎండుటాకుల రంగులో కలిసిపోయి పడుకుంటుంది, టార్చి లేకుండా పది అడుగులు కూడా వద్దు. కరిస్తే కట్టు బిగించడం, కోయడం చేయకుండా, కదలకుండా ఉంచి 108కి ఫోను చేయాలి.

ఆదివారం మధ్యాహ్నం గాలి ముదరకముందే సర్దుకుంటాం. బండి నిలిపిన వరుసకు తిరగేసి: జాకీలు ఎత్తి, కారుకు తగిలించి, గొలుసులు, లైట్లు చూసి, చివరికి అడ్డు రాళ్లు తీయాలి. ముందే తీస్తే వాలు మీద బండి దానంతటదే బయలుదేరుతుంది. క్యాన్లలో మిగిలిన నీళ్లు పారబోసినా, పెట్టిన చోటు మార్చినా కొక్కెం బరువు మారుతుందని మరచిపోకూడదు. చెత్తంతా సంచిలో మనతోనే రావాలి. తెగిన నైలాను దారం ముక్క కూడా వదలకూడదు, కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది.

ఇంటికి చేరాక చక్రాల లోపలివైపు అంటిన రేగడిని ఆ రోజే కడగాలి. ఎండితే గట్టిపడి ఒక పక్క బరువై చక్రం కొట్టుకుంటుంది. నీడ గుడ్డ తడిగా మడిచి ఉంటే విప్పి ఆరేయాలి. లైనును బకెట్లో కాస్త సబ్బు వేసిన గోరువెచ్చని నీళ్లలో వదిలి, మెత్తటి గుడ్డ మధ్య లాగితే గుడ్డ నల్లబడుతుంది. ఆ సన్న రేణువులే కడ్డీ కళ్లను అరగదీసేది. మళ్లీ మంచినీళ్లలో ముంచి, ఆరాక రీలుకు వదులుగా చుట్టి, ఫ్లై డబ్బా మూత తెరిచి ఒక రాత్రి గాలికి ఉంచాలి.